వరహాలమ్మ చదివిన జూడో కోటు

"ఏటి ఊర్మిళమ్మా, ఇది జూడో కోటా, దోమతెరా?"

వరహాలమ్మ చిరిగిన కోటును వెలుతురుకెత్తి పట్టింది. చంక దగ్గర్నుంచి నడుం దాకా చీలిపోయింది. ఊర్మిళ స్టూలు మీద ముడుచుకు కూర్చుంది. ఆదివారం కూతురు పూర్ణిమకు రాష్ట్ర జట్టు ఎంపిక. సరైన కోటు లేకపోతే మ్యాట్ ఎక్కనివ్వరు.

"ఎవుడు కొనమన్నాడు?"

"కోచ్ ఉమేష్ సారే, పిన్నీ. తేలిగ్గా ఉంటే పిల్ల చురుగ్గా కదులుతుందన్నాడు."

"అయితే కాగితంతో కుట్టించమను, ఎగిరిపోద్ది."

కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ప్రతి ఆటకూ ఒక సంఘం పుట్టింది, ప్రతి సంఘానికీ ఇద్దరు అధ్యక్షులు పుట్టారు. ఆట తెలిసినవాడే ఎక్కడా పుట్టలేదు. రైల్వే కాలనీలో చీరలకు ఫాల్ కుట్టుకునే వరహాలమ్మకు ఒక అధ్యక్షుడు పాత జపాను కోటొకటి ఇచ్చి, ఇలాంటివి ఇరవై కావాలన్నాడు. ఆమె దాన్ని కుట్టు కుట్టుగా విప్పేసింది. చేతిరుమాలంత ముక్క కోసి, అంతే కొలత కరాటే బట్టతో కిరాణాకొట్టు త్రాసులో తూచింది. జూడో ముక్క రెండింతలు తూగింది. నా కోటేదని అధ్యక్షుడు అడిగితే, "సదివేశాను" అంది.

ఇప్పుడామె ఊర్మిళ వేళ్లను ఒక ముతక బట్ట మీద పెట్టింది.

"బియ్యం గింజలు పేర్చినట్టు లేదూ? గుంజినోడి బలాన్ని గింజగింజా పంచేసుకుంటాది. నువ్వు కొన్నది కరాటే కోటమ్మా. కరాటేలో గుద్దుతారు, తంతారు. పల్చందైనా సాల్తాది. జూడోలో కాలర్ పట్టుకునే ఇసిరేస్తారు. మీ సార్ కాలర్ ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు పాపం, అందుకే తెలీదు."

ఊర్మిళ ఆ గింజల్ని మళ్లీ మళ్లీ తడిమింది. రైల్వే గుమాస్తా అయినా, తెలియనిదాన్ని తెలిసేదాకా వదలదు.

"మూడు రోజులే ఉన్నాయి పిన్నీ. ఇవాళే కత్తిరించకూడదా?"

"కత్తిరిస్తే సాయంత్రానికే ఇచ్చెయ్యగలను. మొదటి ఉతుక్కే కోటు చెయ్యి మూడు వేళ్లు పైకి పోద్ది. మణికట్టు కనిపిస్తే పిల్లని గుమ్మంలోనే ఆపేస్తారు. నేను మొదట కుట్టిన ఇరవై కోట్లూ అలాగే పోనాయి. అధ్యక్షుడు మాత్రం దండేసుకుని ఫొటో దిగాడు."

బట్టను చుట్టి ఊర్మిళ ఒళ్లో పడేసింది. ఆ బరువుకు ఆమె స్టూలు మీద సర్దుకు కూర్చుంది.

"నా దగ్గర మిగిలిందిదే. ఏడినీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరెయ్యి. ముడుసుకునేదేదో కత్తిరించక ముందే ముడుసుకుపోద్ది. రేపు పిల్లని కూడా తీసుకురా, చేతులు కొలవాలి. ఇస్త్రీ మాత్రం సెయ్యకమ్మా, బట్ట సాగిపోయి కొలత అబద్ధం సెప్తాది. ఎల్లు, ఎండుండగానే ఎల్లు."