చవితి చంద్రుడి ఫొటో

2014 వినాయక చవితి. చంద్రుణ్ణి చూస్తే నీలాపనింద తప్పదని చెప్పినా వినకుండా, సాయంత్రం ఏడుంపావుకి మావారు నౌపడలో మా డాబా ఎక్కి, దూరాన్ని దగ్గరగా చూపే పొడవాటి లెన్సుతో ఫొటో తీస్తున్నారు. నెలవంక సరిగ్గా పక్కింటి డాబా పైన ఉంది. అక్కడ అప్పన్న కోడలు ఆరిన బట్టలు తీస్తోంది.

అప్పన్న, భార్యతో సహా మెట్లెక్కి వచ్చాడు. "ఏటి మేస్టారూ, ఈ వయసులో మా కోడలికేసి ఆ గొట్టం ఎట్టినారు?"

మావారు తీసిన ఫొటో పెట్టి కెమెరా చేతికిచ్చారు. ఇద్దరూ తెర మీద చూశారు. చంద్రుడు తప్ప ఎవరూ లేరు.

"సవితి సెంద్రుణ్ణి మాకూ సూపించేసినారేటి బావూ," అంది అప్పన్న భార్య.

నేను ముగ్గురినీ కూర్చోబెట్టి, చవితి కథ మళ్లీ చదివి అక్షింతలు వేశాను.

ఆ ఫొటో మా గోడ మీద ఉంది. ఏటా చవితినాడు దాని మీద పొందూరు తువ్వాలు కప్పుతాను.