బాపుకు నిమ్మరసం ఇవ్వని సాయంత్రం

మా చిన్నప్పుడు... పొద్దు వాలే వేళకు మాదాపూర్ రోడ్డు పక్కన టెంటులో నిమ్మకాయలు పిండేవాళ్ళు. తెలంగాణ కోసం రిలే దీక్షలు నడుస్తున్న రోజులు. ఒకరోజు టీచర్లు, ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు కుమ్మరులు... పొద్దున దండలు వేసుకుని కూర్చుంటే, సాయంత్రం ఒక గ్లాసు నిమ్మరసం తాగి లేచేవాళ్ళు. ఆ గ్లాసు అందించేది ఎక్కువగా పిల్లలే. కూర్చున్నవాళ్ళ పిల్లలైతే మరీ మంచిది.

మా బాపు ఒక కంపెనీకి క్యాబు నడిపేవాడు. డ్రైవర్ల వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. బాపుకు ఆ గ్లాసు నేనే ఇవ్వాలి... ఎవరికీ చెప్పలేదు. మనసులో మాట చెప్పడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

అంతలో మా మేనత్త కొడుకు శ్రీను దిగాడు. సమ్మెతో బడులు మూతపడ్డాయని అత్త జనగామ నుంచి మా ఇంటికి పంపింది. వాళ్ళ నాన్న బొంబాయి వెళ్ళి తిరిగి రాలేదు. శ్రీను నాకంటే కొంచెం పెద్ద, వరసకు బావ. బాగా పాడతాడు...

అక్కడే వచ్చింది నాకు చిక్కు.

మాది ఒకటే గది, కిరాయిది. చాప మీద గోడవైపు చోటు నాది. అది వాడిదయింది. గొంతు పోతుందని అమ్మ వాడికి మిరియాల పాలు కాచి ఇచ్చేది. నేను కావాలని దగ్గితే, "చల్లటి నీళ్ళు తాగకు" అనేది. బాపు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "ఏదీ శ్రీనూ, ఒకటి అందుకో" అనేవాడు. గల్లీ అంతా మా గడప ముందు చేరేది. నేను ఓ మూల నిలబడి, వాడి గొంతు బొంగురుపోవాలని దేవుళ్ళందరికీ మొక్కుకునేవాణ్ణి.

మా గల్లీ వెనక రెండు పెద్ద బండలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉండేవి. వాడి మీద కుళ్ళు తట్టుకోలేకే అక్కడికి పోవడం మొదలుపెట్టాను. పైన కూర్చుంటే ఒకవైపు అద్దాల భవనాలు, ఒకవైపు మా రేకుల ఇళ్ళు. కూర్చుని శ్రీనును తిట్టుకునేవాణ్ణి. తిట్లు అయిపోయాక కూడా దిగబుద్ధయ్యేది కాదు... ఆ నిశ్శబ్దం ఎందుకో బాగుండేది.

డ్రైవర్ల వంతు వచ్చింది. అమ్మ నాకు ఇస్త్రీ చొక్కా తొడిగింది. సాయంత్రానికి టెంటు నిండా జనం. డ్రైవర్లకు పెద్దగా ఉండే యాదగిరి మామ గ్లాసు పట్టుకుని మైకులో అడిగాడు, మా బాపును చూపిస్తూ.

"ఈయన కొడుకు ఏడి? జర ముందుకు రమ్మనుండ్రి."

నేను అక్కడే ఉన్నాను. టెంటు వెనక, నీళ్ళ డ్రమ్ము చాటున. ఆ మాట మైకులో వినగానే కాళ్ళు వాటంతటవే నన్ను ఆ చాటుకు తీసుకుపోయాయి.

"ఏడికి పోయిండో... శ్రీనూ, నువ్వియ్యి బిడ్డా" అన్నాడు యాదగిరి మామ.

వాడు ఇచ్చాడు. బాపు తాగి, వాడి తల నిమిరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాట అందుకొమ్మని మైకు వాడి చేతికిచ్చారు.

ఉరికి ఉరికి బండ ఎక్కాను. ఆ పూట తిట్టడానికి చాలా ఉంది... నా చోటు లాక్కున్నాడు, అమ్మ కాచే మిరియాల పాలు లాక్కున్నాడు, చివరికి ఆ గ్లాసు కూడా. ఉన్న తిట్లన్నీ అయిపోయాయి. బండ ఇంకా వెచ్చగానే ఉంది. అప్పుడు పిలవకుండానే ఒక ఆలోచన వచ్చింది... వాడు లాక్కోలేదు. నేనే పక్కకు తప్పుకున్నాను. గ్లాసు ఇవ్వాలని నాకు నిజంగానే ఉంది, కానీ అంతమంది చూస్తుండగా కాదు. నేను, బాపు... ఇంకెవరూ ఉండకూడదు. నేను ఇలాంటివాణ్ణి అని మొదటిసారి తెలిసింది ఆ బండ మీదే.

తెలిసినా కుళ్ళు తగ్గలేదనుకోండి. అది వేరే సంగతి.

పొద్దు గుంకుతుంటే దిగాను. కింద బాపు కూర్చుని ఉన్నాడు. మెడలో దండ అలాగే ఉంది. పొద్దుటి నుంచి తిండి లేదు, ఇంటికి కూడా పోలేదు.

"డ్రమ్ము ఎనక నిన్ను జూసిన" అన్నాడు. "పిలిస్తే ఇంక దూరం పోతవని పిలువలే."

ఇద్దరం ఇంటికి నడిచాం.

తెలంగాణ వచ్చింది. నా చదువు మధ్యలో ఆగింది. లెక్కలు రాయడం నాకు నేనే నేర్చుకుని చిన్న దుకాణం పెట్టుకున్నాను. మొన్న బాపు సంవత్సరీకానికి శ్రీను వచ్చాడు. ఇప్పుడు పాడటం లేదట. ఇద్దరం ఆ బండ ఉన్న చోటికి వెళ్ళాం. అక్కడ అద్దాల భవనం, గేటు, గేటు ముందు సెక్యూరిటీ. ఎదురుగా చాయ్ తాగుతూ, ఇన్నేళ్ళకు వాడికి చెప్పాను... నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో అని.

వాడు మొదట నవ్వాడు. తర్వాత గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ఆ దినం మామ నా చేతుల గ్లాసు తాగిండు, నిజమే. తాగి, నన్ను ఆడనే ఇడిచి నీ కోసం బండ కాడికి వచ్చిండు. నేను మైకు పట్టుకొని నిలవడ్డ. నన్ను ఎదుక్కుంట ఎవలొచ్చిన్రు బామ్మర్దీ?"

చాయ్ చల్లారిపోయింది...

ఇప్పటికీ రోజు లెక్క రాయడం అయిపోయాక, పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుంటాను. నా బండ ఇప్పుడు అదే. కాకపోతే లేచి వస్తే ఎదురుచూసేవాళ్ళు లేరు. కొడుకు అలిగిపోతే వెనకాలే నడిచి వెళ్ళే తండ్రి ఎవరైనా రోడ్డు మీద కనిపిస్తే... ఆ పిల్లాడి మీద నాకు ఇప్పటికీ కుళ్ళే.

మీరు అలిగి వెళ్ళి కూర్చున్న చోటు ఏది? దిగి వచ్చేసరికి కింద ఎవరున్నారు...?