పొడి వేలు

రోచ్‌డేల్ పార్కు కొలను దగ్గర ప్రతి ఆదివారం క్లిఫర్డ్ ఆగ్డెన్ మూరెడు మోటారు బొమ్మ పడవను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. పంకా తిప్పే కడ్డీ ఒక సన్నని గొట్టంలోంచి పడవలోకి వస్తుంది, నీళ్ళూ ఆ దారినే దూరతాయి. అందుకని అవతలి కొసన ఉబికి వచ్చేదాకా సిరంజితో గ్రీజు కూరతాడు. కొలనులో ఓ చుట్టు తిరిగి పడవ ఒడ్డుకు రాగానే మూత తీసి, అడుగున చిటికెన వేలు రాసి చూస్తాడు. వేలు పొడిగా ఉంటేనే ఆయనకు ఆదివారం ఆదివారంలా ఉంటుంది.

ఈ వారం వేలు తడిసింది. ఆయన ముఖం పాలిపోయింది. "గొట్టం కారుతోంది, ఈనిడ్. ఇక మోటారు పోయినట్టే."

భార్య అల్లిక ఆపలేదు. "ముందు వాసన చూడవయ్యా."

చూశాడు. అనుమానం తీరక నాలుకకు తాకించాడు. బిగుసుకున్న భుజాలు కిందికి జారాయి. ఇందాక గ్రీజు కూరుతూ కప్పు పడవలోనే పెట్టాడు మరి. "టీ ఒలికిందే. తియ్యగా ఉంది."

అల్లిక సూదులు ఆగాయి. "తియ్యగానా? డాక్టరు వద్దన్నాక నీ ఫ్లాస్కులో చక్కెర ఎవరు వేశారు?"

ఆమె తిడుతూనే ఉంది. ఆయన టీ తుడిచి, పడవను ఇంకో చుట్టు తిప్పి, మూత తీసి వేలు పెట్టాడు. నవ్వుతూ ఆ పొడి వేలిని ఆమెకు చూపించాడు.