జుమ్మనే దండెం

పందొమ్మిది వందల అరవై నాలుగు. నల్గొండ జిల్లా రామన్నపేటలో నేను కరెంటు లైన్మన్‌గా పనిచేస్తున్న రోజులు. చుట్టుపక్కల పల్లెలకు అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. వచ్చిందంటే ఊరంతా వెలిగిందని కాదు. నాలుగిళ్లలో బల్బులు, వీధిలో ఒకటో రెండో దీపాలు, బావుల దగ్గర మోటార్లు. స్తంభం పాతిన నాడు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి మొక్కినవాళ్లే మర్నాడు తెచ్చి దానికే బర్రెను కట్టేసేవారు. నా నోరు ఊరుకునేది కాదు. "చావాల్నంటె వేరే తొవ్వలున్నయి, నా లైను మీద పడకుండ్రి!" అని అరిచేవాణ్ని. నా పేరు తెలియని ఊళ్లలో కూడా నా అరుపులు తెలుసు.

ఇన్నేళ్లు తీగల మీద బతికావు కదా, మరిచిపోలేనిది ఏదైనా చెప్పమని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. గాలివానలో స్తంభం ఎక్కిన కథో, లైను మీద పిడుగు పడిన కథో చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక దండెం. బట్టలారేసుకునే మామూలు దండెం. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, రామన్నపేట అంగడిలో ఉల్లిగడ్డలు ఏరుకుంటుంటే ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. పాతికేళ్లు ఉంటాయేమో. ఆమె కూడా ఉల్లిగడ్డలు ఏరుతున్నట్టు నటిస్తూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

"అన్నా, నువ్వు కరెంటాయినవే గద? మా ఇంట్ల దండెం గుంజుతాంది."

"దండెం గుంజుడేంది?"

"ముట్టుకుంటె జుమ్మంటాంది. ఎండకాలం చీమలు పాకినట్టుండె. వానలు పడ్డంక మోచెయ్యి దాంక గుంజుతాంది. తడిబట్టలు దినాం నేనే ఆరెయ్యాలె. నాకు భయమైతాందన్నా."

"మీ ఆయనకు చెప్పినవా?"

"జుమ్మంటాందంటె నవ్విండు, ఇంక భయమని ఏం చెప్త? అత్తకైతె చెప్పనే రాదు. ఆ తీగంటె ఆమెకు పానం." అప్పుడు తలెత్తి నా ముఖం చూసింది. "నేను పిలిచిన్నని మాత్రం చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. నీ అంతట నువ్వే చూడొచ్చినట్టు రా."

ఆమె అంజమ్మ. దండెం మీద ఒకరికి అంత ప్రాణమేమిటో నాకు అర్థం కాలేదు. మాట మాత్రం ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద ఆ ఊరికి వెళ్లాను.

వాకిట్లో నేను చూసినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. అంజమ్మ అత్త మల్లవ్వ, నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి మీద చెప్పులేసుకుని నిలబడి, కళ్లు మూసుకుని, దండెం తీగను వేలికొసలతో పట్టుకుని ఉంది. ఆమె వెనకాల ఇద్దరు ముసలివాళ్లు తమ వంతు కోసం కూర్చున్నారు. కరెంటు జుమ్మన్నప్పుడల్లా మల్లవ్వ "అబ్బ, సల్లగ పోతాంది" అంటోంది. వాళ్లకు అది కీళ్లనొప్పుల మందు. దానికి పథ్యాలు కూడా కనిపెట్టారు. వట్టి కాళ్లతో పట్టుకుంటే మందు ఎక్కువవుతుందట, అందుకని గోనెసంచి.

సంగతి ఇదీ. ఆ ఇంట్లో పూర్వం కొబ్బరితాడు దండెమే ఉండేది. వానాకాలం పొలానికి కప్పుకుపోయే గొంగడి గొర్రెబొచ్చుది కదా, తడిసిందంటే మనిషి ఒక్కడే ఎత్తలేడు. ఆ బరువుకు తాడు తెగేది. మల్లవ్వ కొడుకు, అంటే అంజమ్మ భర్త యాదగిరి, చేతిపనివాడు. నాగలి, మోట, తలుపు గొళ్లెం, ఏది చెడినా తనే బాగుచేసుకుంటాడు. కరెంటు పనులప్పుడు మిగిలిన ఇనుపతీగ ముక్క ఒకటి అతనికి దొరికింది. దాని ఒక కొసను వాకిట్లో గుంజకు కట్టాడు, రెండో కొసను సర్వీస్ పైపుకు కట్టాడు. స్తంభం మీది నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగను సర్వీస్ వైరు అంటాం. అది కప్పు మీద నిలబెట్టిన ఇనుప పైపులో నుంచి ఇంట్లోకి దిగుతుంది. ఇంట్లో అంతకన్నా గట్టి ఆధారం లేదు కాబట్టి దండేనికి అదే మంచిదనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పైపు మూతికి బుష్ అని ఒక పింగాణీ కట్టు ఉంటుంది, వైరు ఇనుముకు రాసుకోకుండా. అది పగిలిపోయింది. వైరు మీది రబ్బరు అరిగి అరిగి, లోపలి కరెంటు కొద్దికొద్దిగా పైపులోకి, పైపు నుంచి దండెంలోకి దిగుతోంది.

నా దగ్గర టెస్ట్ ల్యాంప్ ఉండేది. ఒక బల్బు, దానికి రెండు తీగలు, అంతే. ఒక తీగ దండేనికి, రెండోది తడి నేలకు ఆనించాను. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. చూసి దడుచుకుంటారని నా ఉద్దేశం. వెనకాల కూర్చున్న ముసలాయన "అగో, బల్బుల గూడ ఎక్కింది మందు!" అన్నాడు సంబరంగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మందు గాదయ్యా, మన్ను! ఇయ్యాల జుమ్మంటది, రేపు పానం గుంజుకపోతది!" అని అరిచాను.

మల్లవ్వ కదల్లేదు. "నీకు మోకాళ్లు నొస్తె తెలుస్తుండె కొడకా. నల్గొండ దవాఖానకు పోయిన, సూదులేసిండ్రు. తైలాలు రాసిన. ఏం తక్కువ గాలె. గీ తీగ పట్టుకున్నంక నాలుగడుగులేస్తున్న. గది గూడ నీ కండ్లల్ల పడ్డదా?"

అంజమ్మ గోడ వారగా, పిండిన బట్టల తట్టతో నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేనూ ఆమెను ఎరగనట్టే ఉన్నాను. లైన్లు తనిఖీ చేస్తూ వచ్చానని అబద్ధం చెప్పాను.

స్తంభం మీద ఫ్యూజు తీసి, నిచ్చెన వేసుకుని కప్పెక్కాను. నిచ్చెన పట్టుకున్నది యాదగిరే. తల్లి మాట ఎలా ఉన్నా అతనికి ఆ పని మీద ఆసక్తి. "ఏడ తాకింది సాబ్?" అని అడిగాడు. నాకు ముచ్చటేసింది. నేను అరిస్తే పారిపోయేవాళ్లే తప్ప, ఆగి అడిగినవాడు ఆ పల్లెల్లో నాకు అంతవరకు తగల్లేదు. పిలిచి చూపించాను. "గీడ చూడు తమ్మీ, పైపు మూతి కాడ తోలు ఊడింది. రెండు తీగలుంటయి. గిది ఫేజు, గుంజేది గిదే. గిది న్యూట్రల్, వాపసు పొయ్యేది." అతను తల ఊపుతూ విన్నాడు. కొత్త బుష్ పెట్టి, వైరు మార్చి, పైపుకు టెస్ట్ ల్యాంప్ ఆనించాను. బల్బు వెలగలేదు. దండెం తీగ విప్పించి, యాదగిరి చేతనే కొబ్బరితాడు కట్టించాను. తీగచుట్ట కంచెకు పనికొస్తుందని అతను పక్కన పెట్టుకున్నాడు. మల్లవ్వ లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

కొన్నాళ్లకు అంజమ్మ మళ్లీ అంగట్లో కనిపించింది. ఈసారి దొంగచాటుగా కాదు, నిలబడే మాట్లాడింది.

"ఇప్పుడు పానం నిమ్మళమైందన్నా. అత్తనే నీకు శాపాలు పెడ్తాంది."

"పెట్టనియ్యి. నాకు అలవాటే" అన్నాను.

నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మంచంలకెల్లి లేస్తలేదు. ఆమె మూల్గుతుంటె ఆయినకు బువ్వ దిగుతలేదు" అంది. ముసలివాళ్ల నొప్పులు మామూలే కదా అనుకుని నా దారిన నేను వెళ్లాను.

ఆ నెలలోనే ముసురు పట్టింది. రోజుల తరబడి సూర్యుడు లేడు. ఒక పొద్దున ఆ ఊరి మనిషి ఒకడు సైకిలు మీద తడుస్తూ వచ్చి ఆఫీసు ముందు దిగాడు. "సాబ్, యాదగిరి ఇంట్ల కరెంటు కొట్టింది. జల్ది రా" అన్నాడు. సైకిలు తీసి అతని వెంటే బయల్దేరాను.

వెళ్లగానే ముందు స్తంభం మీద ఫ్యూజు పీకాను. తర్వాతే వాకిట్లోకి అడుగు పెట్టాను. అంజమ్మ బురదలో పక్కకు ఒరిగి పడి ఉంది. కుడిచెయ్యి ఇంకా పైకి చాపినట్టే ఉంది. తట్ట బోర్లా పడింది. తడి గొంగడి సగం దండెం మీద, సగం నేల మీద. నేను కట్టించిన కొబ్బరితాడు లేదు. దాని చోట ఆ పాత ఇనుపతీగే ఉంది. పైపు మూతి దగ్గర నుంచి కొక్కెంలా వంచిన చిన్న తీగముక్క ఒకటి వచ్చి దండేనికి తగిలించి ఉంది. గోడకు ఆనించి ఒక ఎండుకట్టె.

యాదగిరికి కబురు ఆలస్యంగా అందినట్టుంది, అప్పుడే కుంట దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు, మోకాళ్ల దాకా బురద. పెళ్లాన్ని చూసి ఏడవలేదు. నా కాళ్ల దగ్గర కూలబడి, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"నువ్వు చూపెట్టిన కాడ్నే ఫేజు మీది తోలు గీకిన సాబ్. అమ్మ ఏడుపు చూడలేక. పొద్దుగాల కొక్కెం తగిలిస్తుంటి, అమ్మ పట్టుకున్నంక కట్టెతోని తీసేస్తుంటి. ఒక్కదినం మర్వలె. ఇయ్యాల కుంట కట్ట తెగుతాందని డప్పు కొట్టిండ్రు. కొక్కెం తియ్యకుండనే ఉరికిన."

"అంజమ్మకు తెల్సా?"

"తెల్వది. తాడు తెగింది, తీగ కట్టిన్నని చెప్పిన. జుమ్మనదా అని అడిగింది. లైన్మన్ సాబ్ మంచిగ చేసి పోయిండు గద, ఇగ భయం లేదని చెప్పిన."

అతన్ని కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నా పేరు చెబితే ఆమె నమ్మింది. అంతకు ముందు ఆ తీగను చూసి భయపడినంత కాలం ఆమె బతికింది. నా మీద నమ్మకంతో భయం వదిలేసి తడి గొంగడి ఎత్తి దాని మీద వేసింది.

పై ఆఫీసర్లు వచ్చారు, చూశారు, రాసుకున్నారు. మా పనిలో లోపం లేదన్నారు. నిజమే, లేదు. యాదగిరిని పోలీసులు తీసుకుపోయి కొన్నాళ్లకు వదిలారు. అతను ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. అంజమ్మ నన్ను అంగట్లో పిలిచిన సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని నా కాళ్లు మొక్కుతానన్న మనిషి ఆమె.

ఆ ఇంట్లో మళ్లీ కరెంటు పెట్టించుకోలేదు. రెండేళ్ల తర్వాత పక్కింట్లో మీటరు పనికి వెళ్లినప్పుడు మల్లవ్వ కనిపించింది. నడుము పూర్తిగా వంగిపోయింది. కొబ్బరితాడు మీద ఒక్కొక్క గుడ్డా ఆరేస్తోంది. చెయ్యి పైకెత్తడానికి ఒకసారి, దించడానికి ఒకసారి మూలుగుతోంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను.

"కొడకా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. ఆ దినం నిన్ను పిలిచింది మా అంజమ్మనేనా?"

ఇక ఎవరి కోసం దాచాలి? "ఔనవ్వా" అన్నాను. "భయమైతాందని అంగట్ల చెప్పింది. మీకెవ్వరికి చెప్పొద్దన్నది."

చేతిలోని తడిగుడ్డను మల్లవ్వ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నీళ్లు మోచేతి మీదుగా కారి ఆమె చీరె తడుస్తోంది.

"నా పక్కన్నే కూసుండి తింటుండె. భయమైతాందని నాతోటి ఒక్క మాట అనకపోయె."

నా నోరు అప్పుడు కూడా ఊరుకోలేదు. "అంటె వింటుంటివా అవ్వా?"

గుడ్డను తాడు మీద వేసి కొసలు సర్దింది. "ఏమో కొడకా. తిడ్తుంటి. తిట్టినా గని, మాట నా చెవుల పడుతుండె గద. నా కొడుకు చెవుల పడుతుండె గద. అది పోతదని తెలిస్తె నా మోకాళ్లు ఇరిగిపోయినా ఆ తీగ పట్టకపోదును."

ఆమె నిజంగా అలా చేసేదో లేదో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. తెలిసే అవకాశమే ఆ ఇంటికి లేకుండా పోయింది. ఎందుకంటే ఆ మాట తెలిసిన బయటివాణ్ని నేనొక్కణ్నే, నేను దాన్ని భద్రంగా దాచాను.

తర్వాత ఎన్నో ఏళ్లు అదే పని చేశాను. నా అరుపులు తగ్గలేదు, అది పుట్టుబుద్ధి. ఒక అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది. ఏ ఇంటికి కరెంటు పని మీద వెళ్లినా, నిచ్చెన వేయకముందే అందరి ముందు నిలబడి అడిగేవాణ్ని: "మీ ఇంట్ల బట్టలారేసేది ఎవరమ్మా?" మగవాళ్లు నవ్వేవారు, కరెంటాయనకు బట్టలతో ఏం పనని. నవ్వనిచ్చేవాణ్ని. లోపలి నుంచి ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా, అత్త ముందు, మొగుడి ముందు, "నీకు ఏడన్న భయమైతాందా బిడ్డా?" అని నేను అడిగి, ఆమె తన నోటితో చెప్పేదాకా పని మొదలుపెట్టేవాణ్ని కాదు.