చల్లమిరపకాయ చప్పుడు

కెనడాలో, ఎడ్మంటన్‌లోని మా ఆఫీసు లంచ్‌రూమ్‌లో ఎవరు ఏది కరకరలాడించినా నా నోట్లో ముద్ద ఆగిపోతుంది. నిన్న కొత్తగా చేరిన పంజాబీ అమ్మాయి చిప్స్ ప్యాకెట్ విప్పింది. మొదటి ముక్క విరగగానే నేను "ఎక్కడండీ తప్పు?" అని తెలుగులో అడిగేశాను. ఆమెకు అర్థం కాలేదు కాబట్టి నా ఉద్యోగం నిలబడింది. ఆ చప్పుడుకి నన్నిలా తయారుచేసిన మనిషి సుభద్రగారు, నా మొదటి బాసు.

కాకినాడలో క్యాన్సర్ డాక్టరుగా చేసి, ఇక్కడికొచ్చాక డేటా వైపు తిరిగారావిడ. కొత్త మందుల్ని మొదట పరీక్షించేది ఏరి కూర్చిన రోగుల మీద. వాళ్ళు చెప్పిన రోజుకి వస్తారు, చెప్పిన మాత్ర వేసుకుంటారు. మా పని మిగతా లోకంతో. మాత్ర మర్చిపోయేవాళ్ళు, మంచు పడితే ఆస్పత్రికి రానివాళ్ళు, మనవరాలి పెళ్ళికని మాయమయ్యేవాళ్ళు, వీళ్ళ మీద మందు ఎలా పనిచేస్తోందో ఆస్పత్రుల, ఫార్మసీల రికార్డుల్లోంచి తేల్చాలి. ఆ రికార్డుల్ని నమ్మొచ్చో లేదో చెప్పడం సుభద్రగారి వంతు. అందుకావిడ కనిపెట్టిన పద్ధతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. రోజూ మధ్యాహ్నం ఆవిడ పెరుగన్నం డబ్బా తెరిచేవారు. నేను ఎదురుగా కూర్చుని పేరూ ఊరూ తీసేసిన ఒక రికార్డుని కథలా చెప్పాలి. కథ అతకని చోట ఆవిడ చల్లమిరపకాయ కొరికేవారు.

చేరిన కొత్తలో ఒకాయన కథ చెబుతున్నాను. "పాపం వసంతంలో పోయారండి. ఆ తర్వాతి నెల రక్తపరీక్షకి వచ్చారు."

కరకర.

"బాధ్యత గల మనిషండీ, అపాయింట్‌మెంట్ మిస్సవలేదు" అన్నాను.

"నవ్వావుగా, మంచిది. ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని ఒకే నంబరు కింద ఎవరు కలిపారో కనుక్కునిరా. రెండో ఆయన బతికే ఉన్నాడయ్యా, మనం చంపేశాం" అన్నారు. గొంతు పెంచలేదు, పెరుగన్నం కలపడం ఆపలేదు. ఆ పూట నేనేం తిన్నానో మాత్రం నాకు గుర్తులేదు.

రెండో చలికాలంలో రొమ్ము క్యాన్సర్ మాత్ర ఒకటి మా దగ్గరికొచ్చింది. వయసు మళ్ళినవాళ్ళు దాన్ని తట్టుకుంటున్నారా అన్నది ప్రశ్న. నా గ్రాఫ్ తట్టుకోవడం లేదంది. డెబ్బై అయిదు దాటినవాళ్ళ గీత కొన్నాళ్ళు బాగానే నడిచి, హఠాత్తుగా మెట్లమీంచి జారినట్టు పడిపోయింది. అంటే మాత్రలు కొనడం మానేశారని. సోమవారం నివేదిక వెళ్తే ఆ వయసువాళ్ళకి ఈ మందు రాయడానికి డాక్టర్లు జంకుతారు. అదీగాక విన్నిపెగ్‌లో మా పెద్దమ్మ వేసుకునేది ఆ మాత్రే. ఆమె వయసు డెబ్బై ఎనిమిది. ఎప్పుడు అడిగినా "మంచిగనే ఉన్న" అనే మనిషి. మానేసి మాకు చెప్పడం లేదేమో అనిపించింది. ఫోన్ చేసి అడగాలంటే ధైర్యం చాల్లేదు. సొంత గ్రాఫ్‌ని చూసి తనే జడుసుకున్న మొదటి అనలిస్టుని నేనే అయివుంటాను.

శుక్రవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే కథ మొదలుపెట్టాను. "ఈవిడకి డెబ్బై తొమ్మిదండి. వేసవిలో మాత్ర మొదలుపెట్టారు. ప్రతినెలా కొన్నారు. నవంబరులో మానేశారు. మళ్ళీ ఏప్రిల్లో మొదలుపెట్టారు."

"ఎంత మోతాదు?"

"పాతదేనండి."

కరకర. ఆవిడ చెంచా కింద పెట్టారు. "పడక మానేసిన మందుని ఎవరైనా అదే మోతాదులో మళ్ళీ వేసుకుంటారా కిరణ్? ఇంకో కథ చెప్పు."

చెప్పాను. అదీ నవంబరే. ఇంకోటీ అంతే.

"చలికి మానేస్తున్నట్టున్నారండి" అన్నాను జోకేద్దామని.

"చలికి ఈ ఊళ్ళో ముసలివాళ్ళు ఏం మానేస్తారయ్యా?" ఆవిడ కిటికీ బయట పేరుకున్న మంచుని చూశారు. "ఊరు."

అప్పుడు వెలిగింది నాకు. ఈ దేశంలో ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది, ఆరోగ్యం రికార్డులు ఏ ప్రావిన్స్‌వి ఆ ప్రావిన్స్‌వే. కొండలు దాటి, చలి తక్కువుండే పక్క ప్రావిన్స్‌కి, సర్రీలో కూతురింటికి వెళ్ళినామె అక్కడి ఫార్మసీలో మాత్రలు కొంటే మా కంటికి అది మానేసినట్టే.

"కొన్ని వారాలు కొనకపోతే మానేసినట్టు లెక్క అని రూలు ఎవరు పెట్టారసలు?" అన్నారావిడ విసుగ్గా.

"పాత ఫైల్లో మీ పేరుందండి."

ఆవిడ డబ్బాలో మిగిలిన మిరపకాయ తీసి, ఈసారి తన తప్పుకే కొరుక్కున్నారు.

మెట్ల దగ్గరికెళ్ళి పెద్దమ్మకి ఫోన్ చేశాను. తనూ ప్రతి చలికాలం సర్రీలో కూతురు దగ్గరే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. గ్రాఫ్‌కి తెలియదు.

"ఏందిరా పని టైంల ఫోన్ చేసినవ్? ఎవరికన్న ఏమన్న అయిందా?"

"ఏం కాలేదు పెద్దమ్మా. గోలీలు వేసుకుంటున్నవా?"

"ఏసుకోక? ఈడ డాక్టరు రాసిస్తుండు, మీ అక్క తెస్తుంది. గిది అడగనీకి ఫోన్ చేసినవా? తిన్నవా?"

మెట్ల మీదే కూలబడ్డాను. బరువు దిగడమంటే ఇదేననుకుంటా, కాకపోతే మెట్టు బాగా చల్లగా ఉంది.

సోమవారం మా డైరెక్టరు చిరాకుపడ్డాడు. "అందరూ వెచ్చని చోటుకే పోయారని ఎలా అంటారు?"

"అనడం లేదు" అన్నారు సుభద్రగారు, కాకినాడ వదలని ఇంగ్లీషులో. "ఎక్కడున్నారో మనకి తెలియదు. తెలియనప్పుడు మానేశారని రాయకూడదు."

నివేదిక ఆగింది. అనుమతులు తెచ్చుకుని, పక్క ప్రావిన్స్‌ల రికార్డులతో జతచేసి చూసేసరికి వేసవి వచ్చేసింది. నిజంగా మానేసినవాళ్ళు కొందరున్నారు. మిగతావాళ్ళు చలికాలమంతా శుభ్రంగా మాత్రలు మింగుతూనే ఉన్నారు. గీత మెట్లమీంచి పడలేదు, మామూలుగా నడిచింది. పెద్ద వయసువాళ్ళకీ మందు పడుతోందని రాశాం. నేను కళ్ళు తుడుచుకుంటే, "మిరపకాయ ఘాటా?" అని సుభద్రగారు మర్యాదగా అడిగారు. అవునన్నాను.

ఇప్పుడావిడ రిటైరై సర్రీలోనే కొడుకు దగ్గరుంటున్నారు. రికార్డుల్లో ఖాళీ కనిపిస్తే నేనిప్పటికీ 'మానేశారు' అని రాయను, 'తెలియదు' అని రాస్తాను. రాసి, ఎక్కడున్నారో వెతకడం మొదలుపెడతాను. నిన్న చిప్స్ చప్పుడయ్యాక ఉండబట్టలేక ఆవిడకే ఫోన్ చేశాను.

"మీరు ప్రావిన్స్ మారారు కదండీ, మా డేటాలోంచి మాయమైపోయారు."

అవతల ఏదో విరిగిన చప్పుడు వినిపించింది.

"నీ డేటాలో లేకపోతే లేనులే," అన్నారు నములుతూ, "ఇక్కడ ఉన్నాను కదయ్యా."