యూసుఫ్ భాయ్ గేటు, నా నల్లకోటు

దాదాపు చేతికొచ్చిన రాజీని నేను ఒక్క ప్రశ్నతో, ఒక్క మాటతో పాడుచేశాను. ఇంత తక్కువ సామగ్రితో అంత నష్టం చేసిన వకీలు మా కోర్టులో ఇంకొకరు లేరు.

పోయిన నెల మా సీనియర్‌గారు కన్నుమూశారు. అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా వెళ్లాలని ఉంటోంది. ఆయన గదిలో పాత ఫైళ్లు తీసి మళ్లీ అక్కడే పెడుతున్నాను. ఇవాళ యాదమ్మ ఫైలు చేతికొచ్చింది.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలోని కేసది. యాదమ్మది హైదరాబాద్ దబీర్‌పురాలో ఇస్త్రీ బండి. రోజూ సందులోంచి రోడ్డు మీదికి తెచ్చుకోవాలి. సందు మొదట్లో పొరుగింటి యూసుఫ్ భాయ్ గేటు. ఏదో మాటామాటా పెరిగి ఆయన తాళం మార్చేశాడు. నెలల తరబడి బండి లోపల, గిరాకీ బయట. దావా వేశాం. సీనియర్‌గారు అవతలి వకీలుతో మాట్లాడి రాజీ కుదిర్చారు. వాయిదా రోజు మధ్యాహ్నమే సంతకాలు.

"నేను పక్క కోర్టులో ఉంటాను. కేసు పిలిస్తే మధ్యాహ్నం తీసుకోమని అడుగు. ఇంకో మాట వద్దు" అన్నారు ఆ పొద్దున.

ఆ రోజుల్లో టీవీలో ఒక వకీలు సీరియల్ వచ్చేది. అందులో వకీలు ఫైలు చదవడు, వాయిదా అడగడు. సాక్షి దగ్గరికి నడిచి వేలు చూపిస్తాడు. సాక్షి ఏడ్చి అంతా ఒప్పుకుంటాడు. మధ్యలో సబ్బు ప్రకటన. మొత్తం గంటలో కాస్త నిజం ఉన్నది ఆ ప్రకటనలోనే అని నాకప్పటికి తెలియదు.

కేసు పిలిచారు. యూసుఫ్ భాయ్ బోనెక్కాడు.

"క్రాస్ ఎగ్జామినేషన్‌కు సిద్ధమేనా?" అన్నారు జడ్జిగారు.

"సిద్ధం, మేడమ్!"

వెనకనుంచి యాదమ్మ నా కోటు లాగింది. "రాజీ అన్నరు గద సారూ?"

"చూస్తుండమ్మా" అని బోను వైపు నడిచాను.

"మీ చోటే నిలబడండి" అన్నారు జడ్జిగారు. వెనక్కి నడిచాను. సీరియల్లో ఈ వెనక్కి నడవడం ఎప్పుడూ చూపించలేదు.

"నిజం చెప్పు యూసుఫ్! ఆ గేటు ఎందుకు పెట్టావు?"

గర్జన బాగానే కుదిరింది. కానీ జడ్జిగారు దాన్ని నెమ్మదిగా టైపిస్టుకు చెప్పారు. టైపిస్టు తలెత్తి, "మేడమ్, నిజం చెప్పు అన్నది గూడ కొట్టాల్నా?" అన్నాడు.

"వద్దు."

బొగ్గులారిన ఇస్త్రీపెట్టెలా నిలబడ్డాను.

యూసుఫ్ భాయ్ చెప్పాడు: "యాదమ్మ అడిగితేనే పెట్టిన సాబ్. కుక్కలొచ్చి బట్టలు గుంజుతున్నయంటే."

"అబద్ధం!"

"కౌన్సెల్, మీ దావా రెండో పేజీ చదివారా?" అన్నారు జడ్జిగారు.

తిప్పాను. గేటు యాదమ్మ కోరికపైనే పెట్టారని, గొడవల్లా తాళం గురించేనని మేమే రాసుకున్నాం.

యూసుఫ్ భాయ్ ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏండ్ల పడోసీలం. భరీ కోర్టుల నన్ను ఝూటా అన్నరు. రాజీ గీజీ ఏం లేదు. నడవనీయుండ్రి దావా!"

సీనియర్‌గారు వచ్చేసరికి యాదమ్మ వరండాలో ఉంది. "ఇగ నా బండి దావాతోనే ముసలిదైతది సారూ. మీ పిలగాడు మస్తు గెలిచిండు!"

"యూసుఫ్ భాయ్ ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంటాను" అన్నాను.

"ఆయనకు వకీలు ఉన్నాడు. ఆ వకీలుకు తెలియకుండా అవతలి కక్షిదారుతో మనం మాట్లాడకూడదు. అది నీ సీరియల్లో రాలేదా?" అన్నారు సీనియర్‌గారు.

అవతలి వకీలును అడిగి, ఆయన పక్కనుండగానే, వరండాలో చెప్పాను. "తప్పు నాది, భాయ్. ఫైలు చదవలేదు."

యూసుఫ్ భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏక్ షర్త్. మూడు దినాలు పొద్దుగాల యాదమ్మ బండి నువ్వే నూకాలె. నా గేటు ముంగటికెల్లి. గీ కోటేసుకొని."

"నల్లకోటే మంచిది, మసి కనవడదు" అంది యాదమ్మ.

ఆ మధ్యాహ్నమే సంతకాలయ్యాయి. మూడు రోజులు నెట్టాను. యూసుఫ్ భాయ్ గేటు పట్టుకుని నిలబడి, "ఆయియే వకీల్ సాబ్" అనేవాడు, గల్లీ అంతా వినేలా.

ఇవాళ ఆ ఫైలు అట్ట లోపల సీనియర్‌గారి పెన్సిల్ రాత కనిపించింది: "జూనియర్ బండి నెట్టుట, మూడు రోజులు. స్వయంగా వెళ్లి చూశాను. షరతు అమలైనది."

ఎక్కడ నిలబడి చూశారో మరి. ఆయన కుర్చీ పక్కనున్న నా పాత స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాను.

కాబట్టి ఈ అట్ట మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. చివరి పేజీ దాకా చదవకుండా కోర్టులో ఎవరినీ "ఎందుకు" అని అడగను. బండి నెట్టమంటే మాత్రం వస్తాను. దారి తెలుసు, కోటూ అదే.