రెంజిని పేరు కింద నాలుగు అక్షరాలు

మంచినీళ్ల సీసా నింపుకోవడానికి పది అడుగులు వెళ్లాలన్నా రెంజిని ముందు కంప్యూటర్ తెరకు తాళం వేస్తుంది. రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి, పడిందో లేదో చూసుకుంటుంది. కాక్కనాడ్‌లోని ఆ ఆఫీసులో ఆమెను చూసి నవ్వనివాళ్లు లేరు.

మూడేళ్ల క్రితం వరకు ఆమె ఇలా ఉండేది కాదు. ఆసుపత్రిలో పిల్లలకిచ్చే మందు మోతాదు మించితే హెచ్చరించే ప్రోగ్రాం వాళ్లది. అందులో ఒకరు మార్పు చేస్తే ఇంకొకరు చదివి, కింద ఎల్‌జీటీఎం అని కొట్టాలి. చూశాను, బాగానే ఉందని అర్థం. ఆ నాలుగు అక్షరాలు పడితేనే మార్పు ముందుకు కదులుతుంది.

ఒక మంగళవారం, తాను చదవని మార్పు కింద తన పేరూ ఆ అక్షరాలూ కనిపించాయి. తెరిచి చూస్తే, నెలల పిల్లలకు హెచ్చరిక మోగడమే లేదు. శుక్రవారం అది ఆసుపత్రికి వెళ్లాలి. వెంటనే ఆపించింది.

"నీ పేరే ఉంది మరి," అన్నారు మేనేజరు రాయ్ సార్. "చదవకుండా కొట్టేవాళ్లను ఈ పనిలో ఉంచలేను."

"అప్పుడు నేను కింద టీ తాగుతున్నాను సార్."

"అయితే ఎవరు కొట్టారో చెప్పు."

ముందు టిబిన్‌ను అనుమానించింది. ఎవరి తెర తెరిచి ఉన్నా, 'రేపు అందరికీ పరిప్పువడలు, అదే పప్పు వడలు, నేనే తెస్తాను' అని వాళ్ల పేరుతో కబురు పంపేది అతనే. తర్వాత పలకరించిన ప్రతివాళ్ల వేళ్లూ చూడసాగింది. మార్పు రాసింది పక్క కుర్చీలోని లిజ. కానీ ఆరేళ్లుగా తనను అక్కలా చేచీ అని పిలుస్తూ, ఒకే డబ్బాలో తింటున్న మనిషిని అనుమానించడానికి మనసొప్పలేదు.

గురువారం, లిజ రాసిన మరో మార్పును తెరమీద వదిలి, టీ కప్పుతో స్తంభం వెనక నిలబడింది. టిబిన్ వచ్చి, పరిప్పువడల కబురు పంపి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి లిజ రెంజిని తెర ముందుకు కుర్చీ జరుపుకుని, కనీసం అటూ ఇటూ కూడా చూడకుండా, నాలుగు అక్షరాలు కొట్టింది.

"ఇది ఎన్నోసారి, లిజా?"

లిజ చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది. "నాలుగక్షరాలేగా చేచీ. సాయంత్రానికి నువ్వే వేసేదానివి."

"చదివాక వేసేదాన్ని."

"నా పనిలో ఎప్పుడైనా తప్పు పట్టావా?"

"పట్టడానికి నన్ను చూడనిచ్చావా?"

రెంజిని రాయ్ సార్‌కు చెప్పింది. లిజను వేరే జట్టులో వేశారు. కుర్చీ మాత్రం మారలేదు.

ఇప్పుడు రెంజిని ఆ అక్షరాలు వాడదు. ఏ వరుస చదివిందో, ఏం సరిచూసిందో పూర్తి వాక్యాల్లో రాస్తుంది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కతే తింటుంది.